డూ ది నీడ్‌ఫుల్: తప్పు లేని మాటతో వచ్చే తంటా

'కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్', అంటే 'దయచేసి కావలసింది చెయ్యండి' అనేది తప్పు ఇంగ్లీషు కాదు. ముందు ఈ ముక్క చెప్పేసి మొదలుపెడతాను, ఎందుకంటే స్పోకెన్ ఇంగ్లీష్ వీడియోలు చేసేవాళ్లు చాలామంది దీన్ని 'ఇండియన్లు చేసే తప్పులు' లిస్టులో పడేసి, ఈ మాట రాస్తే పరువు పోతుందన్నట్టు పిల్లల్ని భయపెడుతున్నారు. మరోపక్క శ్రీకాకుళంలో గానీ విజయనగరంలో గానీ ఆఫీసుల చుట్టుపక్కల డీటీపీ షాపుల్లోకి వెళ్లి చూడండి. భూమి తగాదా కానివ్వండి, కాలవ పూడిక కానివ్వండి, టెన్త్ మార్కుల లిస్టులో తండ్రి పేరు తప్పు పడిందనే అర్జీ కానివ్వండి, పైన ఉన్న కథ మారుతుంది తప్ప చివరి లైను మాత్రం మారదు. 'హెన్స్ ఐ రిక్వెస్ట్ యువర్ గుడ్ సెల్ఫ్ టు డూ ది నీడ్‌ఫుల్ అండ్ ఆబ్లైజ్' అని కీబోర్డు చూడకుండా కొట్టేస్తారు. ఒకరు వద్దే వద్దంటారు, ఇంకొకరు అది లేకపోతే అర్జీయే కాదంటారు. ఈ మాట ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ మన పనినే చెడగొడుతుంది అన్నది మాత్రం ఎవరూ చెప్పరు.

గ్రామర్ సంగతి తొందరగా తేల్చేద్దాం. 'నీడ్‌ఫుల్' విశేషణం, అంటే 'కావలసిన' అని. ఇంగ్లీషులో విశేషణం ముందు 'ది' పెడితే అది నామవాచకంలా నిలబడుతుంది. 'ది పూర్' అంటే పేదవాళ్లు, 'ది రిచ్' అంటే ధనవంతులు, అలాగే 'ది నీడ్‌ఫుల్' అంటే కావలసిన పని. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. మాట కూడా మనవాళ్లు పుట్టించింది కాదు. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో, లూకా సువార్త పదో అధ్యాయంలో యేసు మార్తతో అనే మాటలో ఈ 'నీడ్‌ఫుల్' ఉంది. టెక్కలి, బొబ్బిలి లాంటి చోట్ల పాత బాప్టిస్టు చర్చిల్లో తెలుగులో చదివేవాళ్లకు అది 'అవసరమైనది ఒక్కటే' అని గుర్తుండే ఉంటుంది. ఆ తరవాత పద్దెనిమిది, పందొమ్మిది శతాబ్దాల్లో ఇంగ్లండ్ వర్తకులు, వకీళ్లు తమ ఉత్తరాల్లో 'డూ ది నీడ్‌ఫుల్' అని మామూలుగానే రాసుకునేవారు. వాళ్ల వాడుకలో 'ది నీడ్‌ఫుల్'కి ఇంకో అర్థం కూడా ఉండేది, డబ్బు అని. ఆఫీసుల్లో ఎవరు ఎవరికి ఆ రెండో నీడ్‌ఫుల్ చెయ్యాలన్నది వేరే కథ, అది ఇక్కడ వద్దు.

మన దగ్గరికి ఇది ఫైలుతో పాటు వచ్చింది. అప్పట్లో ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం, విశాఖపట్నం జిల్లాలుగా ఉండేది. శ్రీకాకుళాన్ని దొరలు చికాకోల్ అనేవారు. శ్రీకాకుళం విడి జిల్లా అయింది 1950లో, విజయనగరం అయితే 1979లో. జిల్లాలు మారాయి గానీ ఫైలు నడిచే పద్ధతి పెద్దగా మారలేదు. తపాలు వస్తుంది, దానికి నంబరు పడుతుంది, సంబంధించిన సీటుకి వెళుతుంది, అక్కడి గుమాస్తా నోట్ రాసి పైకి పుటప్ చేస్తాడు, పై అధికారి సంతకం పెట్టి కింది ఆఫీసుకో పక్క ఆఫీసుకో పంపిస్తాడు. ఇలా పంపేటప్పుడు మార్జిన్లో రెండు మూడు మాటలు చాలు. 'ఫర్ నెససరీ యాక్షన్', 'ప్లీజ్ డూ ది నీడ్‌ఫుల్' లాంటివి.

ఇక్కడ ఆ మాట నూటికి నూరుపాళ్లు సరైనది. కలెక్టరాఫీసు నుంచి ఒక తహసీల్దారుకి పాసుపుస్తకం అర్జీ ఒకటి జతచేసి పంపారనుకోండి. ఆ అర్జీ మీద ఏం చెయ్యాలో పుస్తకాల్లో రాసి ఉంది, చెయ్యాల్సింది ఆ తహసీల్దారే, కాగితాలన్నీ వెనకే ఉన్నాయి. అలాంటప్పుడు పంపేవాడు మళ్లీ విచారణ చెయ్యండి, రికార్డు చూడండి, రిపోర్టు ఇవ్వండి అని పాఠం చెప్పక్కర్లేదు, చెబితే అవతలివాడికి చిన్నతనంగా కూడా ఉంటుంది. అంటే ఈ మాట చెల్లాలంటే ఏం చెయ్యాలో రాసేవాడికీ చదివేవాడికీ ఇద్దరికీ ముందే తెలిసుండాలి, ఆ పని ఒక్కటే అయి ఉండాలి, చెయ్యాల్సింది ఆ చదివేవాడే అయి ఉండాలి. ఈ మూడింట్లో ఒక్కటి తగ్గినా 'నీడ్‌ఫుల్' ఖాళీ సంచి అయిపోతుంది, ఎవడికి తోచింది వాడు అందులో వేసుకుంటాడు.

తంటా ఎక్కడొచ్చిందంటే ఆఫీసు ఆఫీసుతో మాట్లాడుకునే ఈ భాషని మనం, అంటే బయటి జనం, అర్జీల్లోకి దించేసుకున్నాం. పెద్దాఫీసు వాళ్లు ఎలా రాస్తారో అలాగే రాస్తే గౌరవంగా ఉంటుందని మొదట ఏ అర్జీరాతగాడికో అనిపించి ఉంటుంది, తరవాత అదే అచ్చు అయింది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నరసన్నపేట దగ్గర ఒక రైతు ఉన్నాడనుకోండి. రీసర్వే అయ్యాక సర్వే నంబరు పోయి ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు వచ్చింది, పాత కాగితంలో 1 ఎకరం 20 సెంట్లు ఉన్న భూమి కొత్త దాంట్లో 1 ఎకరం 12 సెంట్లుగా పడింది. అతను అర్జీ రాయించాడు. తాతల నాటి నుంచి ఆ భూమి ఎలా వచ్చింది, పక్క చేనువాడు గట్టు ఎప్పుడు జరిపాడు, సర్వే నాడు తను ఊళ్లో లేడు, తమ్ముడు చెన్నైలో పనికి వెళ్లాడు, ఇవన్నీ రెండు పేజీలు. చివర్లో 'కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్'. ఇప్పుడు సీట్లో కూర్చున్న మనిషి వైపు నుంచి చూడండి. ఇతనికి ఏం కావాలి? మళ్లీ కొలవమంటున్నాడా? రికార్డులో అంకె దిద్దమంటున్నాడా? పక్కవాడి మీద చర్య తీసుకోమంటున్నాడా? గట్టు తీయించమంటున్నాడా? మొదటిదానికి సర్వేయరు వెళ్లాలి, రెండోదానికి పాత రికార్డు తిరగేసి రెవెన్యూలో ఆర్డరు వెయ్యాలి, మూడోది పోలీసుల దాకా వెళుతుంది, నాలుగోది సివిల్ కోర్టు వ్యవహారం కావచ్చు. రాసినవాడి మనసులో మాత్రం ఒక్కటే ఉంది, 1.12 పోయి 1.20 రావాలి. ఆ ఒక్క ముక్కే కాగితం మీద లేదు.

దీనికి పర్యవసానం కూడా చాలామందికి అనుభవమే. సోమవారం గ్రీవెన్స్‌లో, అదే ఇప్పటి ప్రజా సమస్యల పరిష్కార వేదికలో, ఇచ్చిన అర్జీకి కొన్నాళ్లకి ఒక ఎండార్స్‌మెంటు వస్తుంది. 'మీ అర్జీపై తగు చర్య తీసుకొనబడినది' అని అందులో ఉంటుంది. మనిషి లబలబలాడతాడు, "ఏటి బాబూ ఇది, ఏ చర్య తీసుకున్నారు, నా ఎనిమిది సెంట్లు ఏటైనాయి?" అని. కానీ కాగితం లెక్కన చూస్తే వాళ్ల జవాబు సరిగ్గానే ఉంది. మీరు అవసరమైనది చెయ్యమన్నారు, అవసరమని వాళ్లకు తోచింది వాళ్లు చేశారు. నేను అడిగింది ఇది, మీరు ఇది చెయ్యలేదు అని వేలు పెట్టి చూపించడానికి అర్జీలో ఆ 'ఇది' లేదు. నా దృష్టిలో ఈ మాటతో ఉన్న అసలు నష్టం ఇదే, స్టైలు పాతబడిందని కాదు. అడగడంలో గాలికి వదిలేసిన పనికి జవాబు కూడా గాలిలోనే వస్తుంది, దాని మీద అప్పీలు చేసుకోవాలన్నా పట్టు దొరకదు.

అదే రైతు చివరి పేరాలో 'ఐ రిక్వెస్ట్ యూ టు రీమెజర్ మై ల్యాండ్ ఇన్ మై ప్రెజెన్స్ అండ్ కరెక్ట్ ది ఎక్స్‌టెంట్ ఫ్రమ్ 1.12 ఎకర్స్ టు 1.20 ఎకర్స్' అని రాయించి, ఎల్‌పీఎం నంబరు, పాత సర్వే నంబరు, పాత పాసుపుస్తకం జిరాక్స్ జతచేశానని ఒక లైను వేస్తే రెండు పేజీల కథ అర పేజీలో అయిపోతుంది. ఇంత రాశాక కింద 'డూ ది నీడ్‌ఫుల్' అని పెట్టుకున్నా నష్టం లేదు, మర్యాదకి తోకలా ఉంటుంది. తోక ఉంటే ఉండనివ్వండి, తల ఉండాలి కదా.

ఇందులో విడ్డూరం ఏమిటంటే ఆఫీసు వాళ్లు తమలో తాము రాసుకునేటప్పుడు ఇంత గాలి భాష వాడరు. వాళ్ల ఉత్తరంలో సబ్జెక్టు లైను చూడండి. 'సబ్: ల్యాండ్స్ – శ్రీకాకుళం జిల్లా – ఫలానా మండలం – ఫలానా గ్రామం – కరెక్షన్ ఆఫ్ ఎక్స్‌టెంట్ – రిపోర్ట్ – కాల్డ్ ఫర్ – రెగ్.' అని గీతలు గీసుకుంటూ పెద్దదాని నుంచి చిన్నదానికి దిగుతుంది. చూడ్డానికి ఎబ్బెట్టుగా ఉంటుంది గానీ ఆ ఒక్క లైను చదివితే ఏ సీటు ఫైలో, ఏ ఊరో, ఏం కావాలో తెలిసిపోతుంది. ఆ తరవాత కింద ఎంత 'నీడ్‌ఫుల్' రాసినా చెల్లుతుంది, ఎందుకంటే అసలు పని పైనే చెప్పేశారు. మనం మాత్రం ఆ పద్ధతిలో పనికొచ్చే భాగం వదిలేసి 'సబ్: రిక్వెస్ట్ – రెగ్.' అని రాసి, పనికిరాని భాగాన్ని మాత్రం భక్తిగా కాపీ కొట్టాం.

'అండ్ ఆబ్లైజ్' గురించి కూడా ఇక్కడే చెప్పాలి, నాకు ఇది భలే ఇష్టమైన ముక్క. 'ఆబ్లైజ్' అంటే ఉపకారం చేసి రుణపడేట్టు చెయ్యడం. ఎవరిని? దానికి కర్మ కావాలి, 'ఆబ్లైజ్ మీ' అనో ఇంకోటో ఉండాలి. మన అర్జీల్లో 'అండ్ ఆబ్లైజ్' అని చుక్క పెట్టేస్తారు, వాక్యం గాల్లో వేలాడుతుంది. పాత ఇంగ్లీషు ఉత్తరాల్లో ఇది వేలాడేది కాదు. 'ఫలానా పని చేసి ఆబ్లైజ్' అని రాసి, కామా పెట్టి, కింద లైనులో 'యువర్ ఒబీడియెంట్ సర్వెంట్' అని సంతకం చేసేవారు. సంతకమే ఆ క్రియకి కర్మ. అంటే వాక్యం సంతకంతో పూర్తవుతుంది, 'ఈ పని చేసి మీ విధేయ సేవకుణ్ణి రుణపడేలా చెయ్యండి' అని. తరవాత్తరవాత సంతకం పైన 'థాంకింగ్ యూ సర్' వచ్చింది, 'యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ' వచ్చింది, మధ్యలో ఖాళీ వచ్చింది, పాపం 'ఆబ్లైజ్' ఒంటరిగా మిగిలిపోయింది. ఇప్పుడు రాసేవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో గానీ, తెలియకపోయినా ప్రతివాడూ రాస్తున్నాడు. మీరు మాత్రం మానెయ్యండి. 'నీడ్‌ఫుల్'కి కనీసం ఒక చోటైనా ఉంది, 'అండ్ ఆబ్లైజ్'కి ఈ రోజుల్లో ఎక్కడా లేదు.

మరి ఇంగ్లండ్‌లో ఇదంతా ఎటు పోయింది? వాళ్ల గుమాస్తాలు కూడా ఒకప్పుడు మనలాగే రాసేవారు. రెండో ప్రపంచ యుద్ధం తరవాత అక్కడి ఖజానా శాఖ సర్ ఎర్నెస్ట్ గవర్స్ అనే సీనియర్ అధికారిని పిలిచి, ఉద్యోగులు జనానికి అర్థమయ్యేలా ఎలా రాయాలో చెప్పమంది. ఆయన రాసిన చిన్న పుస్తకం 1948లో వచ్చింది, అంటే వాళ్లు మన దేశం వదిలి వెళ్లిన మరుసటి ఏడాది. అరిగిపోయిన ఆఫీసు మాటలు తగ్గించండి, ఏం కావాలో సూటిగా చెప్పండి అన్నది దాని సారం. 1979లో అక్కడే సాదా ఇంగ్లీషు కోసం జనం వైపు నుంచి ప్రచారోద్యమం మొదలైంది. అమెరికాలో అయితే 2010లో ఏకంగా చట్టమే చేశారు, ప్రభుత్వ కాగితాలు సామాన్యుడికి అర్థమయ్యేలా ఉండాలని. మాట పుట్టిన చోట దాన్ని అటకెక్కించేశారు, మన దగ్గర అది ఇంకా డ్యూటీలో ఉంది.

ఎందుకు ఉండిపోయింది అంటే పాత అలవాటు ఒక్కటే కారణం కాదనుకుంటాను. ఇందులో మన మర్యాద దాగి ఉంది. పెద్ద ఉద్యోగి ముందు నిలబడి "మీరు ఈ పని చెయ్యండి" అని చెప్పడం మనకు నోరు రాదు. "మీకు తెలియంది కాదు బాబూ, మీరే ఏదోటి చూడాలి" అంటాం. అలా అనడంలో వినయం ఉంది, తీర్పు ఆయనకే వదిలేశామన్న గౌరవం ఉంది, కాస్త జాలి పుట్టించే ఎత్తు కూడా ఉంది. ఎదురుగా మనిషి ఉన్నప్పుడు ఇది బాగానే పనిచేస్తుంది, ఎందుకంటే ఆయన "ఏం చూడాలి, చెప్పు" అని అడుగుతాడు, మనం చెబుతాం. కాగితం ఎదురు ప్రశ్న వెయ్యదు. అందుకే నోటితో అడిగే తీరుని కాగితం మీద దింపితే సగం మాట మిగిలిపోతుంది. వినయం పోతుందని భయం అక్కర్లేదు. 'ఐ రిక్వెస్ట్ యూ టు' అన్న మాటలోనే కావలసినంత వినయం ఉంది, దాని పక్కన పని పేరు రాస్తే అమర్యాద అయిపోదు. 'యువర్ గుడ్ సెల్ఫ్', 'మోస్ట్ హంబ్లీ', 'ఐ బెగ్ టు స్టేట్' లాంటివి పెంచిన కొద్దీ చదివేవాడు వాటిని దాటేసి చివరికి దూకడం తప్ప జరిగేదేమీ ఉండదు.

చట్టాలు కూడా ఈ విషయంలో గట్టిగానే ఉన్నాయి, ఇది మాత్రం కాస్త శ్రద్ధగా చదవండి. ప్రభుత్వం మీద గానీ, అధికారిగా చేసిన పనికి ప్రభుత్వోద్యోగి మీద గానీ సివిల్ దావా వెయ్యాలంటే 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 కింద మామూలుగా రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసులో దావాకి కారణం, మీ పేరు, చిరునామాతో పాటు మీరు కోరే ఉపశమనం, అంటే మీకు ఏం కావాలో కూడా ఉండాలని సెక్షనే చెబుతుంది. అక్కడ 'నీడ్‌ఫుల్ చెయ్యండి' అని రాసిస్తే వకీలు ఫీజు దండగ. సమాచార హక్కు చట్టం 2005 చూడండి, సెక్షన్ 6 ప్రకారం మీకు కావలసిన సమాచారం వివరాలు దరఖాస్తులో ఉండాలి. ఫీజు మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఏమీ లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. 'మా ఊరి రోడ్డు గురించి నీడ్‌ఫుల్ ఇన్ఫర్మేషన్ ఇవ్వగలరు' అంటే ఆ అధికారి ఏం ఇవ్వాలి? ఫలానా ఏడాది మంజూరైన రోడ్డు ఎస్టిమేటు కాపీ, మెజర్‌మెంట్ బుక్‌లో ఆ పని ఉన్న పేజీల కాపీ అని రికార్డు పేరు పెట్టి అడిగితే తప్పించుకోవడం కష్టం. అడిగే హక్కు మీ చేతిలో ఉన్నా అడిగే వాక్యం చేతకాకపోతే ఆ 30 రోజులూ వృథా.

బ్యాంకు ఉత్తరాలకి కూడా ఇదే. ఏటీఎంలో డబ్బు రాకుండా ఖాతాలో మాత్రం కట్ అయిందనుకోండి, 'ప్లీజ్ డూ ది నీడ్‌ఫుల్' అని బ్రాంచిలో ఇచ్చి రావడం కంటే, ఫలానా తేదీన, ఫలానా ఏటీఎంలో, ఇంత మొత్తం, దాన్ని నా ఖాతాలో తిరిగి జమ చెయ్యండి అని రాసి, మీ దగ్గర ఉంచుకునే కాపీ మీద బ్యాంకు ముద్ర వేయించుకోండి. బ్యాంకుల మీద ఫిర్యాదులు వినడానికి రిజర్వు బ్యాంకు 2021లో తెచ్చిన అంబుడ్స్‌మన్ పథకంలో ముందు బ్యాంకుకే ఫిర్యాదు చెయ్యాలి, 30 రోజుల్లో జవాబు రాకపోతేనో, వచ్చింది సంతృప్తిగా లేకపోతేనో పైకి వెళ్లాలి అన్న పద్ధతి పెట్టారు. ఏ తేదీన ఏం అడిగారన్నది మీ కాగితంలో లేకపోతే ఆ లెక్క ఎక్కడి నుంచి మొదలుపెడతారు?

తేదీ అంటే గుర్తొచ్చింది, 'ఎట్ ది ఎర్లియెస్ట్' అని ఇంకో తోడుదొంగ ఉంది. తొందరగా అని దాని భావం. కానీ తొందర అన్నది ఎవరి గడియారం ప్రకారం? డిగ్రీ పిల్లలు యూనివర్సిటీకి రాసే ఉత్తరాల్లో ఇది తరచూ కనిపిస్తుంది. 'ప్లీజ్ ఇష్యూ మై మైగ్రేషన్ సర్టిఫికెట్ ఎట్ ది ఎర్లియెస్ట్' అని ఊరుకోకుండా, 'బై జూలై 20, యాజ్ మై అడ్మిషన్ క్లోజెస్ ఆన్ జూలై 22' అని కారణంతో సహా రాస్తే చదివేవాడికి మీ తొందర ఏ పాటిదో తెలుస్తుంది. తేదీ పెడితే బెదిరించినట్టు ఉంటుందని కొందరు జంకుతారు, కారణం పక్కన ఉంటే అలా అనిపించదు.

ఇంతా చేసి ఈ అర్జీలు ఇంగ్లీషులో ఎందుకు అని అడిగేవాళ్లూ ఉన్నారు, న్యాయమైన ప్రశ్నే. 1966 అధికార భాషా చట్టం నాటి నుంచి తెలుగు మన రాష్ట్ర అధికార భాష, తెలుగులో అర్జీ ఇస్తే కాదనే హక్కు ఏ రాష్ట్ర ఆఫీసుకీ లేదు. నేనైతే తెలుగులోనే రాయమంటాను. కాకపోతే తెలుగులోకి మారినంత మాత్రాన ఈ రోగం పోదు, ఎందుకంటే 'కావున తమరు దయతో తగు చర్య తీసుకోవలసిందిగా ప్రార్థన' అనేది అదే నీడ్‌ఫుల్‌కి పంచె కట్టిన రూపం. ఏ చర్య తగినదో మళ్లీ చెప్పలేదు కదా. విచిత్రం ఏమిటంటే గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టింది మన శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలోనే, 1863 ఆగస్టు 29న. జనం మాట్లాడే భాషలోనే చదువూ రాతా ఉండాలని ఆయన జీవితమంతా వాదించారు, విజయనగరంలో గురజాడ ఆయనకు తోడు నిలిచారు, అప్పటి స్కూళ్ల ఇన్స్పెక్టరుగా ఉన్న యేట్స్ అనే దొర కూడా ఆ వైపే మాట్లాడాడు. పాఠ్యపుస్తకాలు మారాయి, పత్రికలు మారాయి. అర్జీ మాత్రం ఇంకా గ్రాంథికంలోనే ఉంది, అది కూడా రెండు భాషల గ్రాంథికంలో.

ఇక ఊరు దాటి వెళ్లిన మనవాళ్ల సంగతి. ఉద్యోగాలకి విశాఖ, హైదరాబాద్, బెంగళూరు వెళ్లినవాళ్లు, అక్కడి నుంచి అమెరికా, ఇంగ్లండ్ క్లయింట్లతో పనిచేసేవాళ్లు, ఓడల్లోనూ గల్ఫ్‌లోనూ పనికి వెళ్లి కంపెనీకి ఈమెయిల్ రాయాల్సినవాళ్లు ఇక్కడ చాలామందే. మన దేశంలో ఒక ఆఫీసు ఇంకో ఆఫీసుకి రాసినంత వరకూ 'డూ ది నీడ్‌ఫుల్' ఎవరినీ ఇబ్బంది పెట్టదు. దేశం దాటాక మాత్రం అది రెండు రకాలుగా తగలొచ్చు. బ్రిటిష్ వాడికి తాతల కాలం మాటలా వినిపిస్తుంది, అమెరికన్‌కి అయితే ఏం చెయ్యమంటున్నాడో అర్థం కాకపోవచ్చు. 'కైండ్లీ' కూడా జాగ్రత్తగా వాడాల్సిన మాటే. మనకు అది 'దయచేసి', వాళ్లలో చాలామందికి అది విసుగు అణచుకుని పెట్టే ఆజ్ఞలా వినిపిస్తుంది. 'ప్లీజ్' అనేదే అన్ని చోట్లా చెల్లే నాణెం. 'కైండ్లీ ప్లీజ్' అని రెండూ కలిపి కొట్టేవాళ్లకి ఏం చెప్పాలో నాకు తెలియదు. 'రివర్ట్' సంగతి కూడా ఇంతే, మనం జవాబివ్వండి అనే అర్థంలో 'ప్లీజ్ రివర్ట్' అంటాం, బయట చాలా చోట్ల దానికి పాత స్థితికి తిరిగి వెళ్లడం అనే అర్థమే తెలుసు. సాఫ్ట్‌వేర్ టీములో అయితే అది ప్రమాదం కూడా, చేసిన మార్పు వెనక్కి తీసెయ్యమన్నారేమో అనుకుని తీసేసేవాళ్లు ఉంటారు. 'ప్లీజ్ రిప్లై' అంటే పోయేదేముంది?

క్లయింటుకి 'సర్వర్ ఈజ్ డౌన్, ప్లీజ్ డూ ది నీడ్‌ఫుల్' అని రాయడం కంటే 'ప్లీజ్ రీస్టార్ట్ ది పేమెంట్ సర్వర్ అండ్ సెండ్ మీ ది ఎర్రర్ లాగ్ బిఫోర్ 6 పీఎం ఇండియా టైమ్' అనడం మేలు. ఏం చెయ్యమనాలో నిజంగా తెలియని సందర్భాలూ ఉంటాయి, అప్పుడు నీడ్‌ఫుల్ వెనక దాక్కోకుండా 'ఏం చెయ్యాలో మీరే చెప్పండి' అని అడిగెయ్యొచ్చు, 'ప్లీజ్ సజెస్ట్ ది నెక్స్ట్ స్టెప్' అంటే చాలు. అదీ స్పష్టమైన కోరికే కదా.

చివర్లో సంతకం పైన పెట్టే మాట గురించి చాలామంది అనవసరంగా టెన్షన్ పడతారు. బ్రిటిష్ పద్ధతిలో లెక్క తేలికే. పేరు తెలియక 'డియర్ సర్' అని మొదలుపెడితే 'యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ', పేరుతో మొదలుపెడితే 'యువర్స్ సిన్సియర్లీ'. మన స్కూళ్లలో నేర్పే 'యువర్స్ ఒబీడియెంట్లీ' లీవ్ లెటర్ దాకా పరవాలేదు, ఉద్యోగానికి అప్లై చేసేటప్పుడు అక్కర్లేదు. ఈమెయిల్లో ఈ లెక్కలేవీ ఎవరూ చూడరు, 'రిగార్డ్స్' అని పెట్టి కింద పేరు, ఫోన్ నంబరు ఉంటే సరిపోతుంది. అర్జీలో మాత్రం ఫోన్ నంబరుతో పాటు జతచేసిన కాగితాల లిస్టు సంతకం కిందే రాయండి, ఒక కాగితం ఊడిపోయినా ఏది పోయిందో అప్పుడు తెలుస్తుంది.